పాత పెట్టెలో ఆడని ఆట

మే 2, 2001. బందరు.

పొద్దున్నే గుడివాడ నుంచి బావ ఫోన్. హలో లేదు, బాగున్నావా లేదు. "వచ్చేసిందే!"

ఏది వచ్చింది, ఎవరొచ్చారు... అడగనిస్తేగా. కొత్త వీడియో గేమ్ మిషనట. నల్లగా ఉంటుందట, నిలబెడితే నిలబడుతుందట, పడుకోబెడితే పడుకుంటుందట. పసిపిల్ల పుట్టినట్టు చెబుతున్నాడు. సింగపూర్ నుంచి మద్రాసు, మద్రాసు నుంచి బెజవాడ, బెజవాడ నుంచి వీడి షాపు. దాంతోపాటు ఒకే ఒక్క ఆట. బోట్ల పందెం.

"ఆ డిస్కు ఒక్కరోజు ఇటు పంపు బావా, మా పెట్టెల్లో వేసుకుని ఇచ్చేస్తాం" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు నా పుల్ల ఐసు మట్టిలో పడినప్పుడు కూడా అదే నవ్వు.

"మీ పెట్టెల్లో ఆడదే. ఇది లాంచ్ గేమ్. కొత్త మిషన్‌తో పాటే పుట్టింది, దాంట్లోనే ఆడుద్ది."

ఠక్కున పెట్టేశాను. పెట్టేశాక అనాల్సిన మాట తట్టింది. నా నోరు ఎప్పుడూ ఇంతే, బండి వెళ్ళాక టికెట్ తీసుకుంటుంది.

మే 3

నస్రీన్‌కి చెప్పాను. మా గేమ్ షాపులో సగం దానిది, సగం నాది. గది మాత్రం వాళ్ళ నాన్నగారిది, ఇంటి ముందు గది. పాత పెట్టెలు మూడు, టీవీలు మూడు. పొద్దున పూట ఎవరైనా రావచ్చు. నాలుగు నుంచి ఆరు దాకా ఆడపిల్లలు మాత్రమే. ఆ రెండు గంటల్నీ కలిపి "ఆడపిల్లల గంట" అంటారు వీధిలో. లెక్కలు ఎలా ఉన్నా పేరు బాగుంది.

నస్రీన్ విని నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే ఏంటి? కొత్త ఆట ఆడాలంటే కొత్త పెట్టె కొనాలా? పాత పెట్టె ఉన్నవాళ్ళం ఏం పాపం చేశాం?"

"అదే నేనూ అన్నాను."

"అన్నావా?"

"...అందామనుకున్నాను."

అసలు నాకు అర్థం కానిది ఇదీ. కొత్త మిషన్‌లో పాత ఆటలన్నీ ఆడతాయట. పాత మిషన్‌లో మాత్రం కొత్త ఆట ఆడదట. మడి కట్టుకుందన్నమాట. అది మనల్ని ముట్టుకోవచ్చు, మనం దాన్ని ముట్టుకోకూడదు.

మే 5

సరిగ్గా నాలుగింటికి కరెంటు పోయింది. ఆరింటికి వచ్చింది. పిల్లలు గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసుకుని అష్టాచెమ్మా ఆడి వెళ్ళారు. దానికి కొత్త మిషనూ అక్కర్లేదు, పాత మిషనూ అక్కర్లేదు. చింతపిక్కలు చాలు.

మే 6, ఆదివారం

గుడివాడ వెళ్ళొచ్చాం, నస్రీన్, నేను. దెబ్బలాడ్డానికే వెళ్ళాను. ఆకుపచ్చ చుడీదార్ వేసుకుని వెళ్ళాను. "దెబ్బలాటకి ఇదా డ్రస్సు?" అంది నస్రీన్, పెడన దాటేదాకా ఊరుకుని.

షాపులో అడుగు పెడితే కుర్చీలో మావయ్య! ఇస్త్రీ చొక్కా, తలకి నూనె, కాళ్ళ దగ్గర సంచీ నిండా తాటిముంజలు. నాగాయలంక నుంచి బస్సులు మారి మారి వచ్చాడు. మావయ్య అక్కడి రేవులో లాంచీ సరంగు, లంకల్లోకి జనాన్ని దాటిస్తాడు. బావ ఫోన్ చేసి "లాంచ్ గేమ్ వచ్చింది నాన్నా" అన్నాడట. మావయ్యకి వినపడింది లాంచీ గేమ్. రేవంతా చెప్పేశాడు. "మావాడి షాపుకి లాంచీ ఆట వచ్చింది, వెళ్ళి నడిపొస్తా" అని సెలవు పెట్టి మరీ దిగాడు.

ఇందులో తమాషా ఏమిటంటే ఆట నిజంగానే బోట్లది. ఇక ఆయన పొరపాటు ఆయనకి ఎవరు చెప్పగలరు? బావ రిమోట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

"లాంచీలు మరీ చిన్నవి కట్టారేరా" అన్నాడు మావయ్య రిమోట్ పట్టుకుని.

పందెం మొదలైంది. అందరూ దూసుకుపోయారు. మావయ్య బయల్దేరే ముందు నోటితో బూమ్మని హారన్ కొట్టాడు. మలుపు దగ్గర స్పీడు తగ్గించాడు. వెనక నుంచి ఒక బోటు వస్తుంటే పక్కకి తప్పుకుని దారిచ్చాడు. బావ జుట్టు పీక్కుంటున్నాడు.

"నాన్నా, అది పందెం! వాణ్ణి గుద్దేసి పో!"

"గుద్దితే? అందులో ప్యాసింజర్లుంటార్రా."

"ప్యాసింజర్లు లేరు నాన్నా!"

"నీకు కనపడట్లేదేమో."

మూడు సార్లు ఆడాడు, మూడు సార్లూ ఆఖరు. ఓడినవాడు గెలిచినవాడిలా కుర్చీ దిగాడు. "ఎవర్నీ ముంచలేదు. అది చాలు" అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. నస్రీన్‌కి నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళొచ్చాయి. బావ పరుగెత్తి మంచినీళ్ళు తెచ్చి "తాగండి నస్రీన్ గారూ" అంటే ఇంకా ఎక్కువయ్యాయి.

తర్వాత నా వంతు.

నీళ్ళు. ఏం రాయను... నీళ్ళు. బోటు వెళ్తుంటే చీలి, వెనకాల మళ్ళీ కలుసుకుంటున్నాయి. అల వస్తే బోటు ముక్కు పైకి లేచి దబ్బున పడుతోంది, దాంతోపాటు కుర్చీలో నేనూ లేచి పడుతున్నాను. ఎండ నీళ్ళ మీద తుళ్ళుతోంది. మంగినపూడి సముద్రం చూస్తూ పెరిగినదాన్ని, నాకు నీళ్ళు కొత్తా? అయినా నోరు తెరుచుకుని చూశాను. మా పాత పెట్టెల్లో నీళ్ళంటే నీలం రంగు వేసిన రేకు.

బావ పక్కన నిలబడి మెల్లిగా అన్నాడు. "ఇప్పుడు చెప్పు. ఇది మీ పెట్టెలో పట్టుద్దా? పట్టించాలంటే ముందు ఈ నీళ్ళు తీసెయ్యాలి. నీళ్ళు తీసేశాక ఇదేం ఆట?"

దెబ్బలాడ్డానికి వెళ్ళినదాన్ని, ఇంకో పందెం మొదలుపెట్టాను.

నస్రీనే అంది. "తీసేసే ఇవ్వండి. తక్కువ నీళ్ళలో పడవలు పోవా?"

"తక్కువైతే ఇసకలో కూరుకుంటదమ్మా" అన్నాడు మావయ్య, ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో తనకే తెలియకుండా.

మే 7

నిద్ర లేచేసరికి కూడా కళ్ళలో ఆ నీళ్ళే. ఒళ్ళు మండుతోంది. మంచి ఆట అని ఒప్పుకోవలసి రావడం ఇంత కష్టంగా ఉంటుందా!

మాది శివారు, కాలవకి చిట్టచివర. కాలవలో నీళ్ళు ముందు బెజవాడ దాటాలి. పైనున్న పామిడిముక్కల వాళ్ళు దమ్ము చేసి నాట్లు కూడా వేసేస్తుంటే, బందరు శివారు రైతు ఇంకా గట్టు మీద గొడుగేసుకుని పైకి చూస్తుంటాడు. ఆటలూ అదే దారిలో వస్తాయి. గుడివాడ దాకా వచ్చి ఆగుతాయి.

కానీ శివారు రైతు ఏమంటాడు? పై వాళ్ళకి నీళ్ళు ఇవ్వొద్దంటాడా? కాలవ కట్టొద్దంటాడా? నా చేలోకీ రానివ్వమంటాడు, అంతే. నేనూ అదే అంటున్నాను. కొత్త ఆట కొత్త పెట్టెలో ఎంత బాగా ఆడాలో అంత బాగా ఆడనీ. దాని చివరి తడి ఏదో పాత పెట్టెలోకీ వదలండి.

రాసి చూసుకుంటే న్యాయంగానే ఉంది. మళ్ళీ ఆ నీళ్ళు గుర్తొస్తే... తడి చాలుతుందా?

మే 9

బావ మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు తగ్గించి, పెద్దమనిషిలా. బెజవాడలో ఒకాయన పాత పెట్టెలు మార్చుకుంటున్నాడట. మా మూడూ ఇస్తే కొత్తది ఒకటి ఇస్తాడు, బోట్ల ఆటతో సహా. పదహారో తారీఖు ఆఖరు. ఆ పొద్దున బావే బందరు వచ్చి పెట్టెలు తీసుకెళ్తాడట.

"పాత ఆటలు కూడా అందులో ఆడతాయే వాణీ. నీకేం పోద్ది?"

ఏం పోతుందో వాడికి తెలీదు. వాడి షాపులో ఒక మిషన్ ఆగితే ఇంకో నాలుగున్నాయి. మాకు మూడు పెట్టెలంటే ఆరుగురు పిల్లలు ఒకేసారి ఆడతారు. ఒక్కటంటే ఇద్దరు. మిగతావాళ్ళు గోడకి ఆనుకుని కూర్చోవాలి.

అలాగని వద్దంటే? సెలవుల్లో గుడివాడ అమ్మమ్మ గారింటికి వెళ్ళొచ్చిన పిల్లలు అప్పుడే బోట్ల ఆట గురించి చెప్పుకుంటున్నారు. మా పెట్టెల ముందు కూర్చుని, లేని ఆట గురించి మాట్లాడుకుంటున్నారు. ఇలా ఓ రెండు నెలలు గడిస్తే అసలు రావడమే మానేస్తారు. మగపిల్లలయితే గుడివాడ బస్సెక్కి వెళ్ళి ఆడొస్తారు. వీళ్ళని ఎవరు పంపుతారు? ఈ గది పోతే వీళ్ళకి ఇంకో గది లేదు.

మే 10

నస్రీన్‌తో గొడవ. మార్చేద్దాం అని నేను అనలేదు, "మారిస్తే ఎలా ఉంటుంది" అన్నాను. దానికే లేచింది.

"కొత్తొక వింత, పాతొక రోత. నిన్నటిదాకా పాత పెట్టె ఏం పాపం చేసిందన్నదానివి!"

"అది నువ్వన్నావు."

"నువ్వూ అందామనుకున్నావుగా! గుడివాడ వెళ్ళొచ్చి మారిపోయావు. అయినా నువ్వు నీళ్ళు చూశావో, నీళ్ళు చూపించినవాణ్ణి చూశావో, అల్లాకే తెలియాలి."

టీవీ తుడిచే గుడ్డ విసిరాను. తగల్లేదు. వెళ్ళి వాళ్ళ నాన్నగారి టీ గ్లాసులో పడింది. ఆయన మంచాయన, గుడ్డ తీసి పిండి పక్కన పెట్టి "పోనీలే అమ్మా" అన్నారు.

మే 11

మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం దాకా.

భోజనాలయ్యాక నస్రీన్ ముంజలు వలిచి గిన్నెలో పెట్టి నా ముందుకి తోసింది. తిన్నాను. తిన్నాక మాట్లాడకపోతే బాగుండదు కదా, మాట్లాడాను.

మే 12

మనిద్దరం కొట్టుకోవడం ఎందుకు, ఆడేవాళ్ళని అడుగుదాం అన్నాను. అడిగాం.

ఒక్కొక్కటే వివరంగా చెప్పాను. కొత్తది వస్తే ఇద్దరే ఆడాలి, మిగతావాళ్ళు కూర్చోవాలి, మీ వంతు వచ్చేసరికి ఆరు కొట్టచ్చు. చెప్పడం అవ్వలేదు, చేతులన్నీ పైకి లేచాయి. కొత్తదే కావాలి. అందరికీ.

"వంతు కోసం కూర్చోవాలే పిచ్చిమొహాల్లారా" అన్నాను.

టైలరుగారి ధనలక్ష్మి, పదో తరగతి పరీక్షలు రాసింది, నవ్వుతూ అంది: "వంతు కోసం కూర్చోవడం మాకేం కొత్తా అక్కా? కుళాయి కాడ కూర్చోట్లా? అన్నయ్య క్రికెట్ చూసేదాకా టీవీ కాడ కూర్చోట్లా? అందరి భోజనాలయ్యేదాకా కూర్చోట్లా? ఇదీ అంతే."

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ఆ మాట మళ్ళీ వినపడింది. ఈసారి నవ్వు రాలేదు.

మే 13

నస్రీన్: "విన్నావుగా? అందుకే ఇవ్వకూడదు. ఊళ్ళో ఇదొక్క గదిలోనే వాళ్ళు వస్తూనే కూర్చుని ఆడేది. ఇక్కడ కూడా గోడకి ఆనించి కూర్చోబెడతావా?"

నేను: "అందుకే ఇచ్చెయ్యాలి. ఇంట్లో వాళ్ళకి వచ్చేవన్నీ ఇంకొకరు వాడినవేగా... అన్నయ్య సైకిలు, అక్క లంగా, పోయినేడాది పుస్తకాలు. ఒక్కటన్నా వాళ్ళకి కొత్తగా ఉండగా రానీ."

ఇద్దరం "అందుకే" అన్నాం. ఇద్దరిదీ నిజమే. ఏం చేసుకోను ఈ రెండు నిజాలతో?

మే 14

బావకి నేనే ఫోన్ చేశాను. రేపు మంగళవారం, వాడి షాపుకి సెలవు. "ఒక్క సాయంత్రం మిషన్ ఇక్కడికి తీసుకురా. చూడకుండా ఎలా తేల్చుకుంటాం?"

"అమ్మో, రైలు బండిలోనా? ఏమన్నా అయితే? కొత్త మిషన్ కొత్త షాపులో ఉంటేనే..."

"కొత్త ఆట కొత్త మిషన్‌లోనే ఆడాలన్నావు, సరే, ఒప్పుకున్నా. కొత్త మిషన్ గుడివాడలోనే ఆడాలని కూడా రాశారా దాని మీద?"

నాకే ఆశ్చర్యం. మొదటిసారి, సమయానికి నోట్లోంచి మాట వచ్చింది!

అవతల ఏదో లాగులాట. తర్వాత మావయ్య గొంతు. ఇంకా గుడివాడలోనే ఉన్నాడు మహానుభావుడు, రోజూ ఆఖరు వస్తూ. ఫోన్ లాక్కున్నట్టున్నాడు.

"వాణమ్మా, నే చెప్తాగా. ఏరా, లాంచీ అన్నాక ఈ రేవు నించి ఆ రేవుకి పోవాలా వద్దా? కట్టేసి ఉంచుకోటానికి అది గేదె కాదురా. రేపు తీసుకెళ్ళు."

ఇది ఆ లాంచీ కాదు నాన్నా అని బావ గొణగడం వినపడింది. ఏ లాంచీ అయితేనేం. మావయ్యా, నీ కాళ్ళకి దణ్ణం.

మే 15, మంగళవారం

ఎక్కడ మొదలుపెట్టను!

మధ్యాహ్నం బండికి బావ దిగాడు. మిషన్‌ని అత్తయ్య పాత నేత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చాడట. బండిలో ఒక పెద్దావిడ "ఎన్నో నెల బాబూ, తల్లి ఏది?" అందట, పసిబిడ్డ అనుకుని. వాడు చెబుతుంటే నస్రీన్‌కి మళ్ళీ ఎక్కిళ్ళు.

నాలుగింటికి కరెంటు ఉంది! దేవుడున్నాడు. మోపిదేవి స్వామికి కొబ్బరికాయ అనుకున్నాను, నస్రీన్ దర్గాలో చదివింపులు అనుకుందట. ఎవరిది పనిచేసిందో.

"ఆడపిల్లల గంట, బావగారు బయట కూర్చోవాలి" అన్నారు పిల్లలు. బావ నా వైపు చూశాడు. నేను గుమ్మం వైపు చూశాను. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు, తన మిషన్ తనకే కనపడకుండా.

నస్రీన్ గోడ గడియారం దించి ఒళ్ళో పెట్టుకుంది. తలా ఐదు నిమిషాలు, ఒక్క నిమిషం ఎక్కువ కాదు అంది.

నీళ్ళు కనపడగానే ఒక్క అరుపు. వీధి చివర కొట్టాయన పరుగెత్తుకొచ్చాడు ఏమైందోనని. బోట్లు గుద్దుకుంటున్నాయి, తిరగబడుతున్నాయి, "తిప్పవే, అటు కాదే, చచ్చావ్ పో" — ఒకళ్ళ మీద ఒకళ్ళు. అల లేచినప్పుడల్లా గదిలో అందరూ పైకి లేస్తున్నారు. ఇంతలో వెనక చూస్తే, వంతు రానివాళ్ళు ఊరుకోలేదు. మా టీవీల్లో ఒకటి ఆ కొత్తదానికి ఇచ్చేశాం కదా, మిగతా రెండింటికీ పాత పెట్టెలు తగిలించుకుని కూర్చున్నారు. గోడకి ఆనుకున్నవాళ్ళు ఒక్కరు లేరు. పాత ఆటల పాట ఒక మూల, కొత్త నీళ్ళ చప్పుడు ఒక మూల. ఈ గది ఇంత సంతోషంగా ఎప్పుడూ లేదు. నాకు ఏడుపొచ్చింది, నిజం. చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను.

ఇవాళ మాత్రం రెండూ ఉన్నాయి. ఎల్లకాలం రెండూ ఉండవు.

ధనలక్ష్మి వంతు వచ్చింది. పందెం మొదలైంది, అందరి బోట్లూ వెళ్ళిపోయాయి. ఇది మాత్రం కాస్త దూరం పోనిచ్చి, బోటుని నడినీళ్ళలో ఆపేసింది. ఆపి మెల్లిగా చుట్టూ తిప్పింది. అలలు వచ్చి బోటుని ఊపుతున్నాయి. ఎండ చూసింది, దూరంగా ఒడ్డు చూసింది, తన బోటు వెనక కలుసుకుంటున్న నురగ చూసింది.

"పోనివ్వవే! ఓడిపోతున్నావ్!" "ఆడకపోతే నాకిచ్చెయ్!" గోల.

అది తల కూడా తిప్పలేదు. "నా వంతు. నేను చూస్తున్నా. కాసేపు మీరు కూర్చోండి."

గొంతు పెంచలేదు. మామూలుగా అంది. ఆ పిల్ల నోట్లోంచి "మీరు కూర్చోండి" అన్న మాట వినడం నాకు ఇదే మొదలు. అందరూ నిజంగానే కూర్చున్నారు.

ఐదు నిమిషాలు దాటింది. నాకు తెలుసు, నస్రీన్‌కీ తెలుసు. నస్రీన్ గడియారాన్ని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది.

ఆరు దాటాక బావ కిటికీలోంచి తొంగి చూశాడు. "ఇంతకీ రేపు రమ్మంటావా, వద్దంటావా?" నేను నస్రీన్ని చూశాను. నస్రీన్ నన్ను చూసింది. "పొద్దున్నే రా, చెబుతాం" అన్నాం ఇద్దరం ఒకేసారి. వాడు మిషన్‌ని మళ్ళీ చీరలో చుట్టుకుని స్టేషన్‌కి నడిచాడు. వీధి మలుపు దాకా పిల్లలు వెంట వెళ్ళి సాగనంపారు.

మే 16

బావ గుడివాడలో బండెక్కాడట. మావయ్య ఫోన్ చేసి చెప్పాడు.

నేను షాపుకి వెళ్ళేసరికి నస్రీన్ గది తెరిచే ఉంచింది. మూడు పెట్టెలూ శుభ్రంగా తుడిచి, వైర్లు చుట్టి, వరసగా బల్ల మీద పెట్టింది. ఇవ్వడానికా, ఉంచుకోవడానికా అని అడగలేదు. అడిగితే చెప్పేస్తుంది. చెబితే నేనూ నాది చెప్పాలి, నిన్న ధనలక్ష్మిని చూశాక అది ఏ మాటో నాకే ఇంకా తేలలేదు.

ఇద్దరం టీ తాగుతున్నాం. బండి పెడన దాటి ఉంటుంది.